పెత్తనం లేని సంఘం

ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు యజమాని లేడు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు ఆసరాగా కూడే ఈ సహవాసం, వాడుకలో ఏఏ, 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో పుట్టింది. షేర్ల దళారీ బిల్ విల్సన్, సర్జన్ బాబ్ స్మిత్ దాని మూలపురుషులు. ఇద్దరూ తాగుడికి బానిసలై బయటపడ్డవాళ్లే. 1957లో అది మన దేశానికి వచ్చింది. చేరడానికి ఫీజు లేదు, ఫారం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే ఆ మనిషి సభ్యుడే, కాదనే అధికారం ఎవరికీ లేదు.

దీని కట్టుబాట్లు 1950లో క్లీవ్‌లాండ్ మహాసభ ఆమోదించిన పన్నెండు సంప్రదాయాల్లో, 1962 నాటి పన్నెండు సేవాసూత్రాల్లో ఉన్నాయి. మామూలు సంఘాల్లో హుకుం పైనుంచి కిందికి దిగుతుంది. ఇక్కడ ఆఖరి మాట గ్రూపులది. వాటి ప్రతినిధులు కూడి నిర్ణయిస్తే ఆఫీసులు అమలు చేస్తాయి. 1955లో సెయింట్ లూయిస్‌లో విల్సన్ తన తరం పెత్తనాన్ని ఎన్నికైన ప్రతినిధుల సభకు అప్పగించాడు. పెట్టినవాళ్లే పట్టు వదలడం సంఘాల చరిత్రలో అరుదు.

గ్రూపులో కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. కుర్చీలు వేయడం, చాయ్ కాయడం కూడా సేవ కిందికే వస్తుంది. పదవులన్నీ కొంతకాలానికి చేతులు మారతాయి. ఏదైనా తేల్చాలంటే అందరూ మాట్లాడతారు, వీలైనంత వరకు ఏకాభిప్రాయానికి చూస్తారు. ఓడిన పక్షం తన మాట మళ్లీ వినిపించుకునే హక్కు సూత్రాల్లోనే రాసి ఉంది. తొందరలో ఉన్నవాళ్లకు ఇది విసుగు పుట్టించే పద్ధతే.

డబ్బు దగ్గర పట్టుదల మరీ ఎక్కువ. తొలి రోజుల్లో విల్సన్ బృందం కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ దగ్గరికి సాయానికి వెళ్లింది. డబ్బు ఈ పనిని చెడగొడుతుందని భావించిన ఆయన 1938లో ఐదు వేల డాలర్లతో సరిపెట్టాడు. తర్వాత అదే ఏఏ నియమమైంది: బయటి విరాళం ముట్టరు, ఖర్చంతా సభ్యులు తలా ఇంత వేసుకున్నదే. అద్దె కడతానని ఏ నాయకుడో ముందుకొచ్చినా దండం పెట్టి వద్దనాల్సిందే.

కామారెడ్డి ప్రాంతంలో ఈ నియమాలకు బరువెక్కువ. 2016లో నిజామాబాద్ నుంచి విడిపడ్డ ఈ జిల్లాలో సీసా మందుతో పాటు అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు కూడా ఉంది. 2015లో సర్కారు కల్తీపై దాడులు చేయగానే, అలవాటుపడ్డవాళ్లు వణుకు, మూర్ఛలు, పిచ్చి చేష్టలతో ఆస్పత్రులకు చేరారు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇలాంటి కల్లు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు, ముందు డాక్టరును చూడాలి. ఏఏ వైద్యం చేయదు, ఆ తర్వాతి రోజులకు తోడుంటుంది.

మద్యనిషేధంపైనా అది నోరు విప్పదు. దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం, 1993 సారా నిషేధం, 1995 నుంచి 1997 దాకా సాగిన సంపూర్ణ నిషేధం తెలిసిన మనకు ఈ మౌనం పిరికితనంలా తోచవచ్చు. కానీ గ్రూపు కల్లు మీద కత్తి దూస్తే, కల్లు గీసి బతుకుతూ తాగుడుకు చిక్కిన గీత కార్మికుడు ఆ గుమ్మం తొక్కడు.

పేరు బయటపెట్టకపోవడం కూడా ఇలాంటిదే. ఈ జిల్లాలోని ఎల్లారెడ్డి లాంటి ఊళ్లో పక్క కుర్చీలో మేనమామే కనిపించవచ్చు, అక్కడ ముఖం దాచడం కుదరదు. ఎవరొచ్చారో, ఏమన్నారో బయట ఎత్తకపోతే చాలు. పత్రికల్లో ఎవరి పేరూ, ఫొటో రాకపోతే ఎవరూ పెద్దమనిషి కారు. ఒకరు మళ్లీ తాగినా సంఘం పరువు పోదు.

గ్రూపు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముంబైలోని కార్యాలయం పుస్తకాలిస్తుంది, ఆజ్ఞలివ్వదు. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు, వాళ్లే అద్దె కట్టుకునే ఒక గది ఉంటే సరిపోతుంది.