చుక్కల దారిలో సరకు బండి

ఈవ్ ఆన్‌లైన్‌కు పేరు తెచ్చింది యుద్ధాలే కావచ్చు. కానీ ఆ విశ్వాన్ని నడిపిస్తున్నది మాత్రం చౌకగా కొని, దూరం మోసుకెళ్లి, లాభానికి అమ్ముకునే రవాణాదారులే

2010లో ఒక ఆటగాడు కెస్ట్రల్ అనే చిన్న ఓడలో 74 ప్లెక్స్‌లు వేసుకుని ప్రయాణం కట్టాడు. అప్పట్లో ఒక్కో ప్లెక్స్ 30 రోజుల చందా కింద చెల్లే పత్రం. అంటే అతను మోసుకెళుతున్నది ఆరేళ్లకు పైగా ఆడుకునే హక్కు. నిజమైన డబ్బులో లెక్కిస్తే వాటి విలువ 1,000 డాలర్లకు పైమాటే. జిటా అనే నక్షత్ర మండలంలో ఆ ఓడ ఇతర ఆటగాళ్ల కంటబడింది. చూస్తుండగానే పేలిపోయింది. పేల్చినవారికైనా దక్కిందా అంటే అదీ లేదు. ప్లెక్స్‌లన్నీ ఓడతోపాటే బుగ్గయ్యాయి.

ఐస్‌లాండ్ రాజధాని రెక్జావిక్‌కు చెందిన సీసీపీ గేమ్స్ 2003 మేలో ఈ ఆటను ప్రారంభించింది. చైనాను మినహాయిస్తే ప్రపంచంలోని ఆటగాళ్లందరూ తిరిగేది ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలున్న ఒకే విశ్వంలో. ఓడలు, తుపాకులు, మందుగుండులో అత్యధిక భాగం ఆటగాళ్లు తవ్విన ఖనిజంతో ఆటగాళ్లే తయారు చేసినవి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇక్కడ కొన్న వస్తువు కొన్నచోటే ఉంటుంది. మీట నొక్కగానే ఇంటికి వచ్చి పడదు. ఎవరో ఒకరు ఓడకెత్తి, ఒక్కో మండలం దాటుకుంటూ చేరవేయాలి. రవాణాదారుకు బతుకుతెరువు అక్కడే దొరుకుతోంది.

లాభం సూత్రం మన సంతలో ఉన్నదే. విశ్వంలోకెల్లా పెద్ద బజారు జిటా. అమ్మేవారూ కొనేవారూ కిక్కిరిసి ఉంటారు కనుక అక్కడ ధరలు తక్కువ. మారుమూల స్థావరంలో యుద్ధానికి సిద్ధమవుతున్నవాడు అదే తుపాకికి ఎక్కువ ఇచ్చుకోక తప్పదు. ఆ తేడాలోంచి పన్ను, దళారీ రుసుము, ప్రయాణానికి పట్టిన సమయం తీసేస్తే మిగిలేది వ్యాపారి లాభం. కొత్తవారు కొన్ని వేల ఘనపు మీటర్లు పట్టే చిన్న ఓడతో మొదలుపెడతారు. చేయి తిరిగినవారు లక్షల ఘనపు మీటర్లు మింగే ఫ్రైటర్లు నడుపుతారు. అయితే ఫ్రైటర్‌కు తుపాకి ఉండదు, చురుకుదనమూ ఉండదు. మలుపు తిరగడానికే ఆపసోపాలు పడుతుంది.

సొంత పెట్టుబడి వద్దనుకునేవారికి కిరాయి ఒప్పందాలున్నాయి. సరకు యజమాని కిరాయి, గడువు, ధరావతు నిర్ణయిస్తాడు. మోసేవాడు ధరావతు ముందే కట్టాలి. సరకు గమ్యం చేరితే ధరావతు, కిరాయి రెండూ చేతికొస్తాయి. దారిలో పోతే ధరావతు యజమానిదే. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య వ్యాపారం సాగేది ఈ ఏర్పాటు వల్లే. మోసం పుట్టేదీ ఇందులోంచే. పనికిరాని సరకుకు భారీ ధరావతు పెట్టి, దారిలో తన మనుషుల చేతే ఓడను పేల్పించి సొమ్ము కాజేసేవారు ఉంటారు.

మరి పోలీసులు లేరా? ఉన్నారు. ప్రతి మండలానికీ 1.0 నుంచి -1.0 వరకు భద్రత స్థాయి ఉంటుంది. పై స్థాయి మండలాల్లో అకారణంగా దాడి చేసినవారి ఓడను కాంకర్డ్ అనే పోలీసు దళం తప్పక పేల్చేస్తుంది. కాకపోతే అది దాడి జరిగాక వస్తుంది. శిక్షిస్తుందే తప్ప కాపాడదు. దొంగలకు కావలసింది ఆ కొన్ని సెకన్ల వ్యవధే.

వారి లెక్క కూడా వ్యాపారి లెక్క లాంటిదే. ఎదుటి ఓడలో ఏముందో పరికరంతో పసిగడతారు. ఓడ పేలితే సరకులో సుమారు సగమే మిగులుతుందన్నది వారి అంచనా. దాడిలో 40 కోట్ల ఇస్క్‌ల విలువైన సొంత ఓడలు పోతాయనుకుందాం (ఇస్క్ ఆటలోని నాణెం). ఎరలో 60 కోట్ల సరకే ఉంటే దాడి దండగ. 200 కోట్లదైతే పండగ. పోలీసుల చేతిలో పోయిన ఓడకు సైతం దొంగలు బీమా సొమ్ము తీసుకునే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. 2011లో దాన్ని తొలగించారు. అయినా దాడులు ఆగలేదు. 2012 ఏప్రిల్‌లో గూన్‌స్వార్మ్ అనే కూటమి ముందే ప్రకటించి మరీ జిటాలో ఫ్రైటర్ల వేట సాగించింది. నిబంధనలకు విరుద్ధం కాదు కనుక సీసీపీ అడ్డుకోలేదు.

దారులు సైతం శాశ్వతం కావు. జిటా నుంచి మరో పెద్ద బజారు అమార్‌కు దగ్గరి సురక్షిత మార్గం నియార్జా మీదుగా వెళ్లేది. 2020లో ఆట కథలోని ఆక్రమణదారుల పరం కావడంతో నియార్జాలో పోలీసు రక్షణ పోయింది. పది మండలాల లోపు ప్రయాణం సురక్షిత మార్గంలో నలభై దాటింది. సరకు అదే, దూరం నాలుగింతలకు పైగా పెరిగింది. కిరాయిలను మళ్లీ లెక్కించుకోవలసి వచ్చింది.

ఇదంతా ఉత్తుత్తి డబ్బు అని కొట్టిపారేయడం కష్టం. ఈ మార్కెట్‌ను గమనించేందుకు సీసీపీ 2007లో ఎయోల్ఫుర్ గుడ్మండ్సన్ అనే ఆర్థికవేత్తను ఉద్యోగంలోకి తీసుకుంది. ఇస్క్‌లను నిజమైన డబ్బుకు అమ్ముకోవడం నిషిద్ధం. కానీ వాటితో ప్లెక్స్ కొని చందా కట్టుకోవచ్చు. అందువల్ల బాగా సంపాదించే రవాణాదారు జేబులోంచి పైసా తీయకుండా ఆడగలడు. దారి దోపిడీలో పోయేది అతని సాయంత్రాల కష్టం.

2017లో ప్లెక్స్‌లకు ప్రత్యేక ఖజానా వచ్చింది. వాటిని ఓడలో మోయవలసిన అవసరం తీరిపోయింది. మిగతా సరకుకు మాత్రం అలాంటి ఖజానా లేదు. దానికి రక్షణ పాత పద్ధతే: దొంగకు గిట్టుబాటు కానంత తక్కువ ఎక్కించడం, మిగిలింది రెండో విడతలో తేవడం. అందుకు మరో గంట పడుతుంది. ఆ గంట ఆదా చేసుకోవాలనుకునే ఓడ కోసమే గేటు దగ్గర ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు.