ఎర్రగుంట్ల చేలపై దుమ్ము, బూడిద: మట్టి కార్డు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

ఎర్రగుంట్ల అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేవి సిమెంట్ ఫ్యాక్టరీలు, నాపరాళ్లు, ఆర్టీపీపీ. భూమి కింద సున్నపురాయి ఉండబట్టే ఇక్కడ ఫ్యాక్టరీలు, గనులు వెలిశాయి. కలమల్ల దగ్గరి థర్మల్ ప్లాంటు 1994 నుంచి కరెంటు తీస్తోంది. ఇప్పుడు దాని సామర్థ్యం 1,650 మెగావాట్లు. మన దేశపు బొగ్గు కాలిస్తే దాదాపు మూడో వంతు బూడిదే మిగులుతుంది. వీటివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, నిజమే. కానీ ఆ పక్కనే చేలను నమ్ముకుని బతికే ఇళ్లూ ఉన్నాయి.

దుమ్ము పడితే ఏమవుతుంది?

సిమెంట్ దుమ్ములో సున్నం ఎక్కువ. మంచు, తడి తగిలితే ఆకుపై పెచ్చులా గట్టిపడి, ఆకు ఊపిరి మూస్తుంది. అది నేలలో కలిస్తే క్షారగుణం పెరుగుతుంది. సున్నపురాయి మీద ఏర్పడిన మన నేలల్లో ఆ గుణం ముందే ఉంది. అలాంటి మట్టిలో ఇనుము, జింకు, భాస్వరం ఉన్నా వేరుకు అందవు. చెనక్కాయ లేత ఆకులు పసుపు పచ్చగా మారితే చాలామంది యూరియా చల్లుతారు. ఇనుము అందకనే అలా అయి ఉంటే యూరియాతో లాభం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

కార్డులో కనిపించనివి

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. సీసం, ఆర్సెనిక్, పాదరసం లాంటివి అందులో ఉండవు. అంటే కార్డు బాగుందంటే ఎరువుల లెక్క బాగుందనే అర్థం, కాలుష్యం లేదని కాదు. బూడిద, ఫ్యాక్టరీ నీళ్లు చేలో చేరుతున్నాయని అనుమానం ఉంటే ఫొటోలు, తేదీలు, సర్వే నంబరుతో కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నకలుపై ముద్ర వేయించుకోండి. ఒక్కరే కాకుండా చుట్టుపక్కల రైతులంతా కలిసి ఇస్తే బలం.

మట్టి ఎలా తీయాలి?

పంట కోసిన తర్వాత, ఎరువు వేయకముందు తీయాలి. గట్లు, చెట్ల నీడ, పెంటదిబ్బలు వదిలేసి, 8 నుంచి 10 చోట్ల జానెడు లోతున ‘వి’ ఆకారంలో తవ్వండి. అంతా కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో తీసి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. దుమ్ము పడే రోడ్డు వైపు మట్టిని మాత్రం వేరే సంచిలో కట్టండి. రెండూ కలిపేస్తే తేడా తెలియదు.

బాగు చేసుకునే దారి

మట్టికి ప్రాణం సేంద్రియ పదార్థం. కొయ్యకాళ్లు కాల్చొద్దు. చేలో గొర్రెల మంద కట్టించండి, పశువుల ఎరువు తోలించండి. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, పూత దశలో కలియదున్నండి. వేప, కానుగ చెట్లు గట్టుమీద వరుసగా పెంచితే కొంత దుమ్మును ఆపుతాయి. చౌడు బాగుకోసం జిప్సం మాత్రం చౌడు ఉందని పరీక్షలో తేలితేనే వేయాలి. ఊరికే వస్తోందని బూడిద లారీని చేలోకి రానివ్వొద్దు.

‘కౌలు చేనే కదా, మనకెందుకు’ అనే మాట మన ఇళ్లలోనూ వినిపిస్తుంది. కానీ కౌలుదారుడి దగ్గరైనా, సొంతదారుడి దగ్గరైనా భూమి అల్లాహ్ ఇచ్చిన అమానతే. నీళ్లు దొరకనప్పుడు తయమ్ముమ్‌కు మనం చేయి ఆనించేది పాక్ మట్టి మీదే. ఆ మట్టిని పాక్‌గా ఉంచడమూ మన బాధ్యతే. ఈ ఎండాకాలం విత్తనాల ఖర్చు లెక్కేసేముందు ఒక అర కిలో మట్టి సంచి కట్టండి.