పెనుకొండలో ఇరవై అయిదో వంతు

ఎడిటర్ గారు అడిగింది తేలికైన పనే. వేసవి సెలవుల సంచిక, ముఖచిత్ర కథనం, గురువారం సాయంత్రానికి కాపీ చేతికి రావాలి. ఒక దేశంలోని గొప్ప కట్టడాలన్నిటినీ చిన్నవిగా చేసి ఒకే తోటలో నిలబెట్టే పార్కులు లోకమంతా ఉన్నాయి కదా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు అలాంటిదేమన్నా ఉందేమో చూసి రాయమన్నారు. లేదు. ఆ దారిలో పార్కు పేరుతో జనం వెళ్లేది పెనుకొండ కొండ కిందున్న కుంభకర్ణుడి దగ్గరికి. అక్కడ దేన్నీ చిన్నది చేయలేదు. 142 అడుగుల రాక్షసుణ్ణి పడుకోబెట్టారు.

నాకు మినీ పార్కులంటే పెద్ద మోజు లేదు. తాజ్‌మహల్ పక్కన నిలబడి దాని గుమ్మటం మీద చెయ్యి వేసి ఫొటో దిగితే ఏమొస్తుందో ఇప్పటికీ అర్థం కాదు. పెనుకొండ కుంభకర్ణుడంటే మాత్రం ఇష్టం. పొడవు 142, వెడల్పు 98, ఎత్తు 32 అడుగులు. చుట్టూ రాక్షసులు అతన్ని లేపడానికి నానా తంటాలు పడుతుంటారు. పిల్లలు గుహలాంటి ఆ పొట్టలోకి దూరిపోతారు. కళాఖండమని ఎవరూ అనరు. అనక్కర్లేదు కూడా.

తిరిగొచ్చాక, ఆ రాక్షసుల అవస్థ అసలు కథలో ఎలా ఉందో చూద్దామని వాల్మీకి యుద్ధకాండ తీశాను. ఇక మిగతా పార్కులన్నీ పక్కకు పోయాయి.

లేపే ఘట్టం అచ్చంగా హాస్యమే. గుహలోకి వెళ్లబోయిన రాక్షసులను అతని ఊపిరి వెనక్కి తోసేస్తుంది. ఎలాగో లోపలికి చేరి దున్నలు, పందులు, లేళ్ల మాంసం, అన్నం గుట్టలుగా పోస్తారు. చందనం పూస్తారు, ధూపం వేస్తారు. శంఖాలు ఊదుతారు, భేరీలు మోగిస్తారు. గదలతో మోదుతారు, జుట్టు పీకుతారు, చెవులు కొరుకుతారు, చెవుల్లో కుండలకొద్దీ నీళ్లు పోస్తారు. అయినా చలనం లేదు. చివరికి వెయ్యి ఏనుగులను ఒంటిమీద పరిగెత్తిస్తే, ఏదో తాకినట్టుందని లేస్తాడు. హాస్టల్లో ఉదయం ఆరింటికి రూమ్మేటును లేపినవాళ్లకు ఇది కొత్త కాదు.

నన్ను పట్టేసింది ఆ తర్వాత, అతను యుద్ధానికి బయల్దేరేటప్పటి వర్ణన. అక్కడ కవి కొలతలు ఇస్తాడు. ఎత్తు ఆరు వందల ధనుస్సులు, చుట్టుకొలత వంద. ధనుస్సంటే నాలుగు మూరలు, మన ఊళ్లలో అనే బార. ఆరడుగులు. అంటే వాల్మీకి కుంభకర్ణుడు 3,600 అడుగులు.

ఇప్పుడు నెదర్లాండ్స్‌కు వెళ్లాలి. హేగ్ నగరంలోని మదురోదాం 1952లో తెరిచారు. 1945లో డాకౌ నిర్బంధ శిబిరంలో చనిపోయిన జార్జ్ మదురో అనే విద్యార్థి జ్ఞాపకార్థం అతని తల్లిదండ్రులు ఇచ్చిన డబ్బుతో మొదలైంది. అందులోని ఆ దేశపు కట్టడాలు ఇరవై అయిదో వంతు పరిమాణంలో ఉంటాయి. బ్రస్సెల్స్‌లోని మినీ యూరప్‌దీ (1989) అదే కొలత.

3,600ను 25తో భాగించండి. 144. పెనుకొండలో ఉన్నది 142!

సిమెంటు కలిపినవాళ్లు ఈ లెక్క వేసుకుని కలిపారని నేననను. కాకతాళీయమే. కానీ లెక్క లెక్కే. ఈ వైపు మినీ పార్కు లేదనుకుంటుంటే, హేగ్ కొలతకు రెండడుగుల తేడాలో ఒకటి కొండ కింద పడుకుని ఉంది. ఇంకో మెట్టు దిగండి. 142ను మళ్లీ 25తో భాగిస్తే 5 అడుగుల 8 అంగుళాలు. అంటే అతని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకునే మనిషి. మనం ఆ బొమ్మలో ఎంత వంతో, ఆ బొమ్మ కావ్యంలో అంత వంతు.

ఏనుగుల సంగతీ తేలిపోయింది. పదడుగుల ఏనుగు ఇదే కొలతలో అయిదంగుళాలు కూడా ఉండదు. అలాంటివి వెయ్యి నడిస్తే ఏదో తాకినట్టే ఉంటుంది మరి. కళ్లు మాత్రం కుదరలేదు. బండి చక్రాల్లాంటివంటాడు కవి. 3,600 అడుగుల ఒంటికి బండి చక్రమంత కన్ను చీమ కన్నే. కవి అక్కడ కొలబద్ద పక్కన పడేసి, చూసినవాడి భయాన్ని రాసుకున్నాడు.

చరిత్ర కూడా కావాలన్నారు కాబట్టి క్లుప్తంగా. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక తిరుమల దేవరాయలు హంపి వదిలి పెనుకొండకు వచ్చాడు. ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి పోయింది. కోట, గగన్ మహల్, బాబయ్య దర్గా మిగిలాయి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2022లో ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇక మినీ పార్కులంటారా, ఢిల్లీలో 2021లో తుక్కు ఇనుముతో కట్టిన భారత్ దర్శన్ పార్కులో చార్మినార్‌కు చోటు దొరికింది. అలాంటిది ఇక్కడా కట్టాలని ఎవరికైనా అనిపిస్తే ఆ డబ్బు కోట గోడలకు పెట్టమంటాను. అసలువి ఎదురుగా ఉండగా నకళ్లెందుకు?

బాక్సు: బల్లమీది నంది
హిందూపురం పక్కనే లేపాక్షి. ఒకే రాతిలో చెక్కిన నంది పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అని చెబుతారు. మదురోదాం కొలతలో 13 అంగుళాలు, బల్లమీద సరిపోతుంది. ఆ పని సర్కారు 1964లోనే చేసింది. నంది సినిమా అవార్డులకు పేరు ఈ బసవన్నదే. 2014, 2015, 2016 సంవత్సరాల అవార్డులు 2017 నవంబరులో ఒక్కసారిగా ప్రకటించారు. వాటిలో 2014కు ఉత్తమ నటుడు 'లెజెండ్' బాలకృష్ణ. 'నరసింహనాయుడు', 'సింహా'లకు అంతకుముందే అందుకున్నారు. లేపాక్షి మండలం ఆయన నియోజకవర్గంలోదే. ఊళ్లో పెద్ద నంది ఒకటి, ఎమ్మెల్యే గారికి చిన్నవి మూడు.

బాక్సు: స్తంభం నుంచి అంచుకు
లేపాక్షి లతా మండపం స్తంభాల మీది లతలు, పైకప్పు చిత్రాల్లోని చీరల నమూనాలు ధర్మవరం పట్టుచీరల్లోకి వచ్చాయని చెబుతారు. డిజైనును ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి పడుగు, పేకల కూడలి. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి జకార్డుకు ఎక్కిస్తారు. ఇరవై అయిదో వంతు లాంటి నియమం ఇక్కడ లేదు. అంచు నాలుగంగుళాలైతే లత నాలుగంగుళాల్లో, జానెడైతే జానెడులో ఇముడుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు–గుంతకల్ రైలు దారిలోనే ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు మూడు కొలతలూ చూసి రావచ్చు.