పాత ఓక్ పీపాలకు చివరి బేరం బొగ్గుల బట్టీ

ప్రపంచంలో ద్రాక్షసారా వాడకం 2024లో సుమారు 2,140 కోట్ల లీటర్లకు పడిపోయిందని అంతర్జాతీయ ద్రాక్ష, ద్రాక్షసారా సంస్థ అంచనా కట్టింది. 1961 తర్వాత ఇంత తక్కువ వాడకం ఎన్నడూ లేదు. ఈ మందకొడి సీసాల వర్తకంతో ఆగదు. సారాను నిలువ చేసే ఓక్ పీపాల గిరాకీనీ, వాడి పారవేసిన పీపా కర్ర ధరనూ, ఆ కర్రతో తయారై మాంసం కాల్చే పొయ్యిలకు చేరే బొగ్గునూ కూడా తాకుతుంది.

బోర్డో తరహా పీపాలో 225 లీటర్ల సారా పడుతుంది. వట్టి పీపా బరువు 45 నుంచి 50 కిలోలు. ఇంత చిన్న వస్తువుకు కొత్తలో వెయ్యి డాలర్ల ప్రాంతంలో ధర పలకడానికి కారణం కర్రలోనే ఉన్నది. ఫ్రెంచి ఓక్ దుంగను ఎటుపడితే అటు రంపంతో కోస్తే పీపా కారుతుంది. నార వెంబడి చీల్చాలి. ఆ విధంగా చీల్చినప్పుడు దుంగలో నాలుగోవంతుకు మించి పలకలు రావు. వచ్చిన పలకలను రెండు, మూడేళ్ళపాటు ఆరుబయట ఎండకూ వానకూ వదలివేయాలి. అమెరికన్ ఓక్‌ను రంపంతో కోసినా కారదు గనుక ఆ పీపా చవక.

ఇంత ఖరీదు పెట్టిన పీపా సారాకు తన రుచి ఇచ్చేది నాలుగైదేళ్ళే. ఆ తర్వాత అది కేవలం పాత్ర. కొందరు ఉత్పత్తిదారులు పాత్రగానే మరికొన్నేళ్ళు వాడుకుంటారు. సూక్ష్మజీవులు చేరి వాసన మారినదానిని మాత్రం ఎవరూ ఉంచుకోరు. సారా కర్రలోకి కొద్ది మిల్లీమీటర్ల లోతుకు ఇంకి ఉంటుంది గనుక పైపైన కడిగితే పోదు.

పాత పీపాకు మంచి ధర ఇచ్చేవారు విస్కీ తయారీదారులు. లోపలి పొర చెక్కి, మళ్ళీ నిప్పు మీద కాల్చి, అందులో విస్కీ నిలువ చేస్తారు. అయితే ఈ బేరంలో ద్రాక్షసారా పీపాకు గట్టి పోటీ ఉన్నది. అమెరికా చట్టం ప్రకారం బూర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలలోనే నిలువ చేయాలి. అందువల్ల బూర్బన్ తయారీదారుకు ఒకసారి వాడిన పీపా మళ్ళీ పనికిరాదు. అవి లక్షల సంఖ్యలో స్కాట్లండుకు పోతాయి. మన దేశంలోని సింగిల్ మాల్టు తయారీదారులు కూడా వాటిని కొంటారు.

ఆ రంగంలోనూ ఇప్పుడు ఉత్సాహం తగ్గింది. జాక్ డేనియల్స్ విస్కీ తయారుచేసే బ్రౌన్-ఫార్మన్ కంపెనీ కెంటకీలోని లూయీవిల్‌లో గల తన పీపాల కర్మాగారాన్ని మూసివేస్తున్నట్లు 2025 జనవరిలో ప్రకటించింది. పై మెట్టున కొనేవారు వెనక్కు తగ్గితే సరకు కింది మెట్టుకు దిగక తప్పదు. సగానికి కోసి పూలతొట్టి చేయడం, బల్లలు, కుర్చీలు చేయడం, పొగపట్టే చెక్కలుగా అమ్మడం, ఆఖరుకు బొగ్గు కాల్చడం, ఇదీ ఆ వరుస.

బొగ్గు ఆఖరున ఎందుకున్నదో లెక్క వేస్తే తెలుస్తుంది. ఇనుప కట్లు తీసివేస్తే పీపాలో కర్ర 40 కిలోల ప్రాంతంలో ఉంటుంది. గాలి సోకకుండా మూసి, 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే నీరు, తారు, వాయువులు పోయి నాలుగోవంతు మిగులుతుంది. అంటే పీపాకు 10 కిలోలు. వెలువడిన వాయువులనే తిరిగి మండించుకొనే ఉక్కు రిటార్టులో మరికొంత ఎక్కువ రావచ్చు. మట్టి బట్టీలో ఇంకా తగ్గుతుంది. మన మెట్ట ప్రాంతాల్లో సర్కారు తుమ్మ కాల్చేవారికి ఈ తరుగు కొత్త కాదు. వెయ్యి డాలర్ల వస్తువు పది కిలోల బొగ్గుగా మారడం మాత్రం వారికి వింతగా తోచవచ్చు.

పీపా కర్రకు ఒక సుగుణం ఉన్నది. ఏళ్ళ తరబడి ఆరినది, మందం అంతటా సమానం. కనుక బట్టీలో ఒకే తీరున కాలుతుంది. ఓక్ గట్టి కర్ర గనుక నిప్పు ఎక్కువసేపు నిలుస్తుంది. లోపమూ అక్కడే. పలక మందం మూడు సెంటీమీటర్లకు లోపే కావడంతో బొగ్గు చిన్న ముక్కలుగా విరిగి, పొడి ఎక్కువ పోతుంది.

కొనేవాడు చూసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. పీపా బొగ్గు మీద కాల్చిన మాంసానికి ద్రాక్షసారా సువాసన వస్తుందన్న ప్రచారాన్ని నమ్మి అదనపు ధర పెట్టవలసిన పనిలేదు. పొగకు వాసన ఇచ్చే పదార్థాలు కర్ర మండేటప్పుడు పుడతాయి. బట్టీలో కాలిన బొగ్గులో అవి చాలావరకు ముందే పోయి ఉంటాయి, కర్రలో ఇంకిన సారా కూడా వాటితోపాటే. వాసన కోరేవారు మామూలు బొగ్గు నిప్పుల మీద కాల్చని పీపా చెక్క నాలుగు ముక్కలు వేసుకోవడం మేలు. జాక్ డేనియల్స్ పేరుతో పీపా చెక్కముక్కలు సంచులలో అమ్ముడవుతున్నది ఇందుకే. అమ్మేవారికి కూడా తరుగు లేని ఈ పద్ధతే లాభం. రంగు, వార్నిష్ పూసిన తొట్టి కర్రను మాత్రం వంటకు వాడరాదు.

బొగ్గుకు విలువ దాని నాణ్యతను బట్టి కట్టాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం బార్బెక్యూ బొగ్గులో స్థిర కర్బనం కనీసం 75 శాతం ఉండాలి, బూడిద 8 శాతం మించరాదు. పొడిని అదిమి చేసిన బ్రికెట్లకు ఈ హద్దులు 60, 18 శాతం. సంచి మీద ఈ అంకెలు వెతికి చూడటం పీపా బొమ్మ చూసి కొనడం కంటే నయం.

పొడి కూడా వృథా పోదు. 1920 దశకంలో హెన్రీ ఫోర్డు మిచిగన్‌లో తన మోటారుకార్లకు కలప కోయగా మిగిలిన ముక్కలను బొగ్గు చేసి, గంజిపిండితో బ్రికెట్లుగా అదిమి అమ్మించాడు. 1951లో చేతులు మారి కింగ్స్‌ఫర్డ్ అన్న పేరు పొందిన వ్యాపారం అదే. పీపా బొగ్గు కాల్చేవారికి రాలిన పొడిని వదిలించుకొనే మార్గం నేటికీ ఇదే. ఇనుప కట్లు పాత ఇనుము వర్తకుడికి తూకం లెక్కన పోతాయి.