మామూలు సోల్డరింగ్ ఐరన్ వేడిని కంట్రోల్ చేయడం ఎలా?

"అన్నా, సోల్డరింగ్ స్టేషన్ కొనే బడ్జెట్ లేదు. నా 25 వాట్స్ ఐరన్ మరీ వేడెక్కిపోతోంది, బిట్ నల్లబడి లెడ్ అంటుకోవట్లేదు, ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. ఇస్త్రీ పెట్టెలో థర్మోస్టాట్ ఉంటుంది. వేడి ఎక్కువైతే అదే కట్ చేస్తుంది. మామూలు సోల్డరింగ్ ఐరన్‌లో అది ఉండదు, హీటింగ్ కాయిల్ ఒక్కటే ఉంటుంది. కాయిల్ ఇచ్చే వేడి, గాలిలోకి పోయే వేడి సమానమయ్యే దాకా బిట్ కాలుతూనే ఉంటుంది. ఊరికే స్టాండ్ మీద వదిలేస్తే 400 డిగ్రీలు కూడా దాటొచ్చు. కానీ 60/40 లెడ్ 190 డిగ్రీలకే పూర్తిగా కరిగిపోతుంది. పనికి బిట్ 320 నుంచి 350 దాకా ఉంటే చాలు. అంతకన్నా బాగా ఎక్కువైతే ఫ్లక్స్ ముందే మాడిపోతుంది, పీసీబీ మీద రాగి ప్యాడ్ లేచి వచ్చేస్తుంది.

మొదటి పద్ధతి డయోడ్. ఐరన్‌కి వెళ్లే ఫేజ్ వైరులో ఒక 1ఎన్4007 డయోడ్ సిరీస్‌లో పెట్టాలి. ఎటు తిప్పి పెట్టినా పర్లేదు. ఏసీలో సగం సైకిల్ ఆగిపోతుంది కాబట్టి 25 వాట్స్ కాస్తా పన్నెండున్నర అవుతుంది. కానీ 1ఎన్4001 మాత్రం వాడకండి, అది 50 వోల్ట్స్‌దే. మన 230 వోల్ట్స్ సప్లైలో పీక్ 325 దాకా వెళ్తుంది. 1ఎన్4007 అయితే 1000 వోల్ట్స్ తట్టుకుంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. గది 30 డిగ్రీలు, బిట్ 400 అనుకోండి. పెరిగింది 370. పవర్ సగమైతే పెరుగుదల కూడా దాదాపు సగమే, అంటే బిట్ 215 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. టంకం వేయడానికి అది చాలదు, కానీ ఐరన్‌ని వెయిటింగ్‌లో ఉంచడానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే డయోడ్‌కి ప్యారలల్‌గా ఒక స్విచ్ పెట్టండి. స్విచ్ ఆన్ చేస్తే ఫుల్ పవర్, ఆఫ్ చేస్తే సగం. పార్ట్స్ వెతుక్కునేటప్పుడు సగంలో పెట్టి, టంకం వేయడానికి ఒకట్రెండు నిమిషాల ముందు ఫుల్‌కి మార్చండి.

రెండో పద్ధతి లైట్ డిమ్మర్. నాబ్ తిప్పుతూ వేడిని కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు. కొన్ని డిమ్మర్లు తక్కువ లోడ్‌తో సరిగా పనిచేయవు, అందుకే కనీస లోడ్ ఎన్ని వాట్స్ అని రాసుందో చూసి కొనండి. టిక్ టిక్‌మని తిరిగే ఫ్యాన్ రెగ్యులేటర్ వద్దు, దాని స్టెప్పులు ఫ్యాన్‌కి లెక్కేసినవి.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఈ రెండు పద్ధతుల్లోనూ మనం తగ్గించేది పవర్‌ని, సెట్ చేసేది టెంపరేచర్‌ని కాదు. బిట్ ఎంత వేడిగా ఉందో డిమ్మర్‌కి తెలీదు. పెద్ద గ్రౌండ్ ప్యాడ్ మీద పెట్టగానే బిట్ చల్లబడుతుంది, దాన్ని సరిచేసే సెన్సర్ ఏదీ లేదు. స్టేషన్‌కి ఎక్కువ డబ్బు పెట్టేది ఆ సెన్సర్ కోసమే.

మరి సెట్టింగ్ సరిపోయిందని ఎలా తెలుస్తుంది? బిట్‌కి కొంచెం లెడ్ తగిలించండి. వెంటనే కరిగి, కొన్ని సెకన్లు వెండిలా మెరుస్తూ ఉంటే బాగుంది. గుప్పున పొగ వచ్చి, చూస్తుండగానే రంగు మారిపోతే వేడి ఎక్కువ. ముద్దగా సాగుతుంటే తక్కువ. పని అయ్యాక బిట్‌కి లెడ్ పూసి ఆఫ్ చేయండి, నల్లబడటం బాగా తగ్గుతుంది.

ఇక సేఫ్టీ. ఇది 230 వోల్ట్స్, ఆటలొద్దు. ప్లగ్ తీసేశాకే వైర్లు ముట్టుకోండి. డయోడ్, స్విచ్ రెండూ మూత ఉన్న ప్లాస్టిక్ బాక్స్‌లో ఉండాలి. త్రీ పిన్ ఐరన్ అయితే ఎర్త్ వైరు కట్ చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సోల్డరింగ్ గన్‌కి, హ్యాండిల్ మీదే నాబ్ ఉన్న ఐరన్‌కి ఈ డయోడ్, డిమ్మర్ ఏవీ పెట్టొద్దు, కాలిపోతాయి. కరెంటు వైరింగ్ ఎప్పుడూ చేయకపోతే, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే చేయండి.