ఫోన్లో మూడు ముక్కలు

పేకాట మన ఇళ్ళల్లో రెండు రకాలు. పండక్కి అందరం చేరినప్పుడు, భోజనాలయ్యాక చాప పరిచి ఆడుకునే రమ్మీ ఒకటి. అందులో అత్తలు, కోడళ్ళు, పిల్లలు అందరూ ఉంటారు. చింతగింజలు పెట్టి ఆడినా సరదాయే. తలుపులు దగ్గరగా వేసుకుని మగవాళ్ళు ఆడే మూడు ముక్కలాట రెండోది. అందులో మనకి ప్రవేశం లేదు. కాఫీలు తీసుకెళ్ళినా గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. ఓడిన సంగతి మాత్రం ముందుగా తెలిసేది మన మెడలోని గొలుసుకే!

ఇప్పుడా తలుపులూ లేవు, గుమ్మమూ లేదు. 'తీన్‌పత్తి' పేరుతో ఆ ఆట ఫోన్లోకి వచ్చేసింది. మా బంధువుల్లో ఒకమ్మాయి ఉంది. భర్తకి బెంగుళూరులో మంచి ఉద్యోగం. సిగరెట్టు కూడా ముట్టడు, ఏడు గంటలకల్లా ఇంట్లో ఉంటాడు. మూడేళ్ళ కిందట పెళ్ళికి వెళ్దామని లాకరు తెరిస్తే నగలు లేవు. పక్కన పడుకుని, దుప్పటి కప్పుకుని, ఏడాది పాటు ఫోన్లో ఆడాడట. "క్లబ్బుకి వెళ్ళే మొగుడైతే ఎక్కడున్నాడో తెలిసేది పిన్నీ, పక్కనే ఉన్నవాణ్ణి ఎలా కనిపెట్టను?" అందా పిల్ల.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంతకీ ఈ ఆటలో ఏముంది? తెలుసుకోవాలనుకున్నాను. డబ్బు కట్టక్కర్లేకుండా ఉత్తుత్తి చిప్స్‌తో ఆడే యాప్ ఒకటి పెట్టుకుని, రెండు నెలలు రోజూ అరగంట ఆడాను.

చూడకుండా కాసేవాడిదే పైచేయి

ఆట తేలికే. అందరూ ముందుగా కొంత మధ్యలో వేస్తారు. తలా మూడు ముక్కలు పంచుతారు. మూడూ ఒకే రకమైతే, అంటే మూడు ఆసులో మూడు రాజులో అయితే, అదే అన్నిటికన్నా పెద్ద చేయి. తర్వాత ఒకే రంగులో వరస, మామూలు వరస, రంగు, జత. ఏదీ లేకపోతే పెద్ద ముక్క. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచి అవతలివాళ్ళని బెదరగొట్టొచ్చు. ఆటంతా ఆ బుకాయింపులోనే ఉంది.

మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. రమ్మీలో ఆవిణ్ణి ఓడించినవాళ్ళు మా ఇంటా వంటా లేరు. నా పక్కన కూచుని, కళ్ళజోడు సర్దుకుని చూసి, "ముక్కలు చూడకుండా డబ్బు కాయడమేమిటే అమ్మాయ్, సంబంధం చూడకుండా తాంబూలాలు పుచ్చుకున్నట్టు!" అన్నారు.

"చూడొచ్చు అత్తయ్యా. కానీ చూసినవాళ్ళు రెట్టింపు కట్టాలి."

"అంటే తెలుసుకున్నవాడికి జరిమానా అన్నమాట!"

నిజమే. ముక్కలు చూడకుండా ఆడేవాడు 'బ్లైండు'. చూసినవాడు వేసేదాంట్లో అతను సగం వేస్తే చాలు. ఇది ఇంగ్లీషువాళ్ళ 'బ్రాగ్' అనే పాత ఆట నుంచి వచ్చింది. బ్రాగ్ అంటేనే గొప్పలు చెప్పుకోవడం! పేకాటల మీద పుస్తకాలు రాసిన ఎడ్మండ్ హోయిల్ 1751లోనే దీని మీద ఒక చిన్న పుస్తకం రాశాడు.

లెక్క కూడా వేసి చూశాను. 52 ముక్కల్లోంచి మూడేసి చొప్పున 22,100 రకాల చేతులు వస్తాయి. వాటిలో మూడూ ఒకే రకమైనవి 52 మాత్రమే, అంటే 425 చేతులకి ఒకటి. జతలు 3,744. ఏమీ లేని చేతులు 16,440! నాలుగుసార్లు పంచితే దాదాపు మూడుసార్లు మీ చేతిలో జత కూడా ఉండదు. ఎదుటివాడి పరిస్థితీ అంతే. కాబట్టి బుకాయించక తప్పదు.

మొహం కనపడని చోట

ఎదురుగా కూచుని ఆడితే కళ్ళు చెబుతాయి, చెమట చెబుతుంది. ఫోన్లో బొమ్మ తప్ప మనిషి కనపడడు. అసలు మనిషో యంత్రమో కూడా తెలియదు. అయినా కొన్నాళ్ళకి పోల్చుకోవడం అలవాటైంది. తడుముకోకుండా పందెం పెంచేవాడొకడు, ఆఖరి క్షణం దాకా ఆలోచించి పెంచేవాడొకడు. మొహం బదులు తీరు చదవాలి.

అసలు సంగతి ఇంకోటి కనిపెట్టాను. ఉత్తుత్తి చిప్స్ ఆటలో బుకాయింపు పారదు! ఎంత పెంచినా ఎవరూ బెదరరు. పోయేదేం లేదు కదా, అందరూ బ్లైండులోనే దూకుతారు. పోతుందన్న భయం ఉన్నచోటే బుకాయింపు పనిచేస్తుంది. మరి నిజం డబ్బు పెట్టినప్పుడో? జేబు బరువైనవాడు పెంచుకుంటూ పోతాడు, నెలజీతం వాడు మంచి ముక్కలుండి కూడా పారేస్తాడు. లేదా పోయింది రాబట్టుకోవాలని అప్పు చేస్తాడు. మా బంధువుల అబ్బాయి చేసింది రెండోదే.

ఇంకో చిత్రం. చిప్స్ అయిపోగానే, కొద్ది రూపాయలకే లక్షల చిప్స్ అంటూ తెర మీద ప్రకటన! అలా కొన్నవి మళ్ళీ డబ్బు కావు. రెండు రోజులు తెరవకపోతే, ఉచిత చిప్స్ మీ కోసం ఎదురుచూస్తున్నాయని కబురు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ కన్నా పెద్ద బుకాయింపు ఆ యాప్‌దే అనిపించింది.

చట్టం ఏమంటుంది?

సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే తేల్చింది, రమ్మీలో నేర్పు ఉంది, మూడు ముక్కలాట కేవలం అదృష్టం అని. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నేర్పైనా అదృష్టమైనా సరే, ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలు నడపకూడదు. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళకి ఆ చట్టంలో శిక్ష లేదు. ఇంట్లో ఎవరైనా చిక్కుకుంటే, భయపడి దాచిపెట్టకండి.

ఇవి గమనించండి

ఇంటి ఖాతా మెసేజ్‌లు మీ ఫోనుకి కూడా వచ్చేలా బ్యాంకులో అడగండి. నెలకోసారి పాసుపుస్తకం ఇద్దరూ కలిసి చూడండి. చిన్న చిన్న మొత్తాలు రాత్రిళ్ళు పదేపదే పోతుంటే అడగండి. ఫోను మీకు కనపడకుండా తిప్పేసుకోవడం, అప్పు యాప్‌ల నుంచి ఫోన్లు రావడం కూడా గుర్తులే. మానలేకపోతున్నారంటే అది జబ్బులాంటిది, తిట్లతో పోదు. టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. ఆన్‌లైన్ మోసం జరిగితే వెంటనే 1930కి చెప్పండి.

మా బంధువుల అమ్మాయి చివరికి చేసింది అదే. జీతం జాయింటు ఖాతాకి మార్పించింది. అబ్బాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నగలు ఇంకా సగమే విడిపించారు. "మిగతావి ఎప్పుడొస్తే అప్పుడే పిన్నీ, రాత్రి పూట ఫోను హాల్లో పెట్టి వస్తున్నాడు, ముందు అది చాలు" అంటోంది.

మీ ఇంట్లో రాత్రిపూట ఫోన్లు ఎక్కడుంటున్నాయి? ఒకసారి చూడండి.