సిపాయి రాయితీలో సివిలియను వాటా

భద్రాచలం నుండి గోదావరి వెంబడి ఎగువకు పోగా దుమ్ముగూడెం, దానికి పైన చర్ల. ఆపైన ఛత్తీస్‌గఢ్ అడవి. మావోయిస్టుల పోరు సాగిన కాలమంతా ఈ సరిహద్దున కేంద్ర రిజర్వు పోలీసు దళం వారు శిబిరాలు వేసుకొని, ఏ అడుగు క్రింద ఏ మందుపాతర ఉన్నదో తెలియని దారులలో నడిచారు. ఊరివారి కంటికి తుపాకి పట్టి, పచ్చని దుస్తులు ధరించినవాడు సిపాయే. ప్రభుత్వపు పద్దులో మాత్రం అతడు సిపాయి కాడు. అతని దళం హోంశాఖది. కనుక సైనికుల కాంటీనులో తక్కువ ధరకు సరుకు కొనే హక్కు సాధారణంగా అతనికి లేదు. సికింద్రాబాదులో రక్షణశాఖ లెక్కలు వ్రాసే గుమాస్తాకు ఆ కాంటీనులో ప్రవేశమున్నది. ఈ రెంటిలో ఏది న్యాయం? యూనిఫారము లేని రక్షణశాఖ ఉద్యోగికి సైనికుని రాయితీ దక్కవలెనా అన్న వాదం ఈ ప్రశ్ననుండే పుట్టుతున్నది.

ముందుగా ఈ రాయితీ ఎట్టిదో తెలుసుకొనవలె. సైనికుల కొరకు కాంటీన్ స్టోర్స్ డిపార్టుమెంటు 1948లో ఏర్పడినది. ముంబై దానికి ముఖ్యస్థానం. సరుకును టోకున కొని, స్వల్పమైన లాభంతో అమ్మడం ధర తగ్గడానికి ఒక కారణం. రెండవది పన్ను. 2017లో వస్తు సేవల పన్ను వచ్చిన తరువాత, ఈ సంస్థ చెల్లించిన కేంద్రపు పన్నులో సగం తిరిగి దానికే చేరే ఏర్పాటు జరిగినది. కనుక ఇది వర్తకుని ఔదార్యం కాదు. ఖజానా వదులుకొన్న సొమ్ము. చర్ల సంతలో సబ్బుబిళ్ళ కొన్న కోయవాడు పన్ను పూర్తిగా చెల్లిస్తాడు. కాబట్టి ఈ మినహాయింపు ఎవరికి, ఏ కారణాన ఇస్తున్నారో అడిగే హక్కు అతనికీ ఉన్నది.

శౌర్యానికి బహుమానంగా ఇస్తున్నారందామా? అట్లయితే కొలత సులువు: పతకం పొందినవానికి ఇచ్చి ఊరకుండవచ్చు. కాని కాంటీను పుట్టినది అందుకు కాదు. అంగడి లేని చోట కాపురముండేవాడు, ఏటేటా ఊరు మారేవాడు, జీతం చాలకపోయినా పని మానలేనివాడు ఇల్లు గడుపుకొనుటకు పుట్టినది. తెలుగులో 'జీతబత్తెములు' అన్న జంటమాట ఉన్నది. జీతం 'జీవితం' అన్న మాటకు వికృతి. బత్తెం తిండి ఖర్చు. కాంటీను రాయితీ నిజానికి బత్తెపు జాతికి చెందినదే గాని బిరుదు జాతికి చెందినది కాదు.

సైన్యానికి కత్తి పట్టేవాడొక్కడే చాలడన్నది మన పెద్దలు ఏనాడో గుర్తించిన విషయం. కౌటిల్యుని అర్థశాస్త్రం సేనను అనుసరించే 'విష్టి' వర్గం పనులను చెప్పినది: శిబిరాలను, దారులను, వంతెనలను, బావులను చక్కచేయడం, యంత్రాలను, ఆయుధాలను, కవచాలను, మేతను మోయడం, గాయపడినవారిని రణరంగంనుండి తొలగించడం. ఆ 'విష్టి'యే తెలుగులో 'వెట్టి' అయినది. ఆ మాటలోని చేదు తెలంగాణ ప్రజలకు వేరుగా వివరించనక్కరలేదు. సైన్యపు బరువు మోసినవానికి ప్రతిఫలమియ్యక గడపడం ఎంత పాతదో ఆ ఒక్క పదమే చెప్పుతున్నది.

ఈ కాలపు విష్టి వర్గం కథ మన సికింద్రాబాదులోనే నడిచినది. అక్కడా, హైదరాబాదులోనూ ఉన్న రక్షణసంస్థలలో వంటవారు, కావలివారు, లస్కర్లు, మంగలులు, వడ్రంగులు, మెకానిక్కులు, చెప్పులు కుట్టేవారు, దర్జీలు సంఘాలు పెట్టుకొన్నారు. ఆ సంఘాలు చెల్లవని అధికారులు ఆంక్ష విధించగా, ఉద్యోగులు సుప్రీంకోర్టువరకు వెళ్ళారు. తాము సివిలియన్లమని, తమ సెలవులు, జీతాలు, క్రమశిక్షణ సివిలు నిబంధనల ప్రకారమే నడుస్తున్నవని వారి వాదం. 1975లో న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చినది. సేన కదలినప్పుడు దానివెంట నడవడం వీరి విధి గనుక, వీరు యుద్ధం చేయకపోయినా సాయుధ దళాలలో అంతర్భాగమేనని, రాజ్యాంగం 33వ అధికరణం ప్రకారం వీరికి సంఘం పెట్టుకొనే హక్కును పరిమితం చేయవచ్చునని తీర్పు చెప్పినది. సరిహద్దులలో రోడ్లు వేసే జనరల్ రిజర్వు ఇంజనీరు ఫోర్సు ఉద్యోగుల విషయంలోనూ 1983లో ఇట్టి నిర్ణయమే వెలువడినది.

మన వాదానికి మూలం ఇక్కడే ఉన్నది. హక్కును తగ్గించేటప్పుడు 'నీవు సైన్యంలోని వాడవే' అని, సదుపాయం కోరేటప్పుడు 'నీవు సివిలియనువు' అని ఒకే మనిషితో రెండు మాటలు ఆడడం ధర్మం కాదు. 2021లో ఆయుధ కర్మాగారాలను కంపెనీలుగా మార్చిన వేళ, రక్షణోత్పత్తిలో సమ్మెలను నిషేధిస్తూ ఏడాది గడువుతో ఒక చట్టం వచ్చినది. పదాతి దళపు యుద్ధవాహనాలు తయారుచేసే ఎద్దుమైలారం కర్మాగారం కూడా అట్లు మారినవాటిలో ఒకటి. సమ్మె కట్టలేని కార్మికునికి ఇంటి సరుకులో కొంత వెసులుబాటు దయాదానం అనిపించుకోదు.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. అది తేలికైనదీ కాదు. సిపాయి నడివయసు రాకమునుపే విరమిస్తాడు. సివిలియను అరవై ఏళ్ళవరకు కొలువు చేస్తాడు. సిపాయి భార్య ఏళ్ళ తరబడి ఒంటరిగా సంసారం ఈదుతుంది. నగరంలోని గుమాస్తా సాయంకాలానికి ఇల్లు చేరుతాడు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టితే సిపాయి త్యాగం చిన్నబోదా?

చిన్నబోతుంది, రెండు వేర్వేరు వస్తువులను ఒకటిగా చూస్తే. ఉప్పు, పప్పు, సబ్బు తక్కువ ధరకు దొరకడం కొలువులోని కష్టానికి చేసే సర్దుబాటు. ఒక వర్తకుడు తన దుకాణంలో సైనికునికని ధర తగ్గించడం ప్రజలు చూపే గౌరవం. మొదటిదానిలో సివిలియనుకు వాటా ఉన్నది. ఈనాటి నిబంధనలు కూడా రక్షణశాఖ పద్దునుండి జీతం పొందేవారికి, సైనికునితో సమానంగా కాకపోయినా, కాంటీను ప్రవేశమిస్తున్నవి. రెండవది సిపాయికి, మాజీ సైనికునికి, వీరపత్నికి చెందినది. దానిని సివిలియను కోరరాదు. కోరకపోవడమే అతనికి మర్యాద.

ఈ కొలబద్దను మరల మన అడవి సరిహద్దుకు తీసుకొనిపోతే, లోపమెక్కడున్నదో బయటపడుతుంది. కేంద్ర పోలీసు దళాలకు వేరుగా కాంటీనులు 2006లోగాని రాలేదు. సైనికుల కాంటీనుకున్న సగం పన్ను వెసులుబాటు వంటిది వాటికి 2024 ఏప్రిలులోగాని అందలేదు. ఇంతకాలం పట్టుటకు కారణం ఒక్కటే: ఏ శాఖ అని చూచారే గాని, ఏ భారం మోస్తున్నాడని చూడలేదు. అడవిని కాచే బీటు ఉద్యోగి సంగతి ఇంకా వెనుక. 2022 నవంబరులో చండ్రుగొండ మండలపు అడవిలో ఒక రేంజి అధికారి విధి నిర్వహణలోనే హతుడైనాడు. అపాయం ఏ శాఖ పద్దును చూచి వస్తుంది?

సైనిక కాంటీనులలో సరుకు తూచి యిచ్చే మనిషి గతి మరొక విచిత్రం. యూనిట్లు నడిపే కాంటీనుల ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులు కారని 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. రాయితీ పంచే చేయి రాయితీకి వెలుపలనే ఉన్నది.

కావున సివిలియనుకు రాయితీ ఇవ్వవలెనా అన్న ప్రశ్నకు అవునన్నదే సమాధానం. అయితే శాఖ పేరునుబట్టి కాక, కొలువు అతనినుండి తీసుకొన్నదానిని బట్టి ఇవ్వవలె. సంఘం పెట్టుకొనే స్వేచ్ఛను, సమ్మె హక్కును, కుటుంబంతో ఉండే భాగ్యాన్ని, ప్రాణానికి నిశ్చింతను, ఈ నాలుగింటిలో ఎన్నిటిని ఎవడు కోల్పోయినాడో లెక్క చూడవలె. అట్లు లెక్క చూచిననాడు సిపాయి వాటా ఏమాత్రం తగ్గదు; చర్ల అడవి దారిన నడిచినవాని వాటా మాత్రం ఇన్నాళ్ళు ఎందుకు ఆలస్యమైనదని ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకొనవలసి వస్తుంది.